ఫ్రిజ్‌లో తూనీగ

"నాన్నా, తూనీగ రెడీ!"

హాసిని ఫ్రిజ్ తలుపు తీసి, పెరుగు గిన్నె పక్కనున్న ప్లాస్టిక్ డబ్బాను రెండు చేతులతో పట్టుకొచ్చింది. శరత్ సోఫాలో కూర్చుని సెల్‌ఫోన్ వైపే చూస్తున్నాడు. అది మోగాలి. మోగడం లేదు.

"తొందరగా రా నాన్నా, కరిగిపోతుంది!"

"ఐస్‌క్రీమా తల్లీ, కరిగిపోవడానికి?" అంటూ లేచాడు.

సౌదీలోని రాబిగ్‌లో శరత్ పనిచేసే కాంట్రాక్టు కంపెనీ ఇచ్చిన ఇళ్లన్నిటికీ వెనక చారెడు పెరడుంది. మిగతావాళ్లు అందులో కుర్చీలు వేసుకున్నారు. శరత్ మాత్రం మందారం, నిమ్మ, కాగితపు పూలు పెంచి, సెలవు రోజుల్లో వాటి ముందు బోర్లా పడుకునేవాడు. కొత్తగా కొన్న డిజిటల్ కెమెరాకు మాక్రో లెన్స్ తగిలించి చీమ మీసాలు, తేనెటీగ కాళ్లకంటిన పుప్పొడి ఫోటోలు తీసేవాడు. బంగారంలాంటి సముద్రం పక్కనుండగా ఇదేం పురుగుల పిచ్చి అని ఇరుగుపొరుగు నవ్వుకునేవాళ్లు.

పురుగులతో ఓ చిక్కుంది. ఫోకస్ కుదిరేసరికి ఎగిరిపోతాయి. దానికో కిటుకు శరత్ ఇంటర్నెట్‌లో చదివాడు. పురుగును డబ్బాలో పెట్టి కాసేపు ఫ్రిజ్‌లో ఉంచితే చలికి బిగుసుకుపోతుంది. ఆకు మీద పెట్టి తీరిగ్గా ఫోటో తీసుకోవచ్చు.

మొదటిసారి ఆ డబ్బా చూసి అతని భార్య అమూల్య ఇల్లెగిరిపోయేలా అరిచింది. "పెరుగు పక్కన పురుగేంటండీ! ఈ వంటింట్లో నేనుండాలో అదుండాలో తేల్చండి!"

చివరికి తనే ఓ పాత డబ్బా వెతికిచ్చి, "ఇది మీ పురుగులది. నా డబ్బాల జోలికొస్తే ఊరుకోను," అంది. ఆ తర్వాత పూల మీద వెలుగు పడేలా తెల్ల అట్ట పట్టుకుని గంటలకొద్దీ నిలబడేదీ ఆవిడే.

హాసిని అయితే బిగుసుకున్న తూనీగను చూసి ఏడ్చేసింది. "చచ్చిపోయిందా నాన్నా?"

"లేదమ్మా, చలికి అలా అయింది. ఎండలో పెట్టు, లేస్తుంది చూడు."

లేచింది. రెక్కలు వణికించి గోడ దాటి ఎగిరిపోయింది. అప్పట్నుంచి ఫోటో అయ్యాక ఆకును ఎండలో పెట్టే ఉద్యోగం హాసినిదే.

ఇప్పుడు అట్ట పట్టుకోవడానికి అమూల్య ఇంట్లో లేదు. ఆసుపత్రిలో ఉంది. ఓ పొద్దున వంటింట్లో కుప్పకూలింది. తాము చేయగలిగిందేమీ లేదని డాక్టర్లు చేతులెత్తేశారు. మిగిలింది ఆమెను తునికి, పుట్టింటివాళ్ల దగ్గరికి తీసుకెళ్లడమే. అదీ శరత్ చేతిలో లేదు. దేశం దాటాలంటే ఆమె పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర పడాలి. దానికి కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, సంతకం పెట్టాలి. ఆ పెద్దమనిషి ఊళ్లో లేడు. ఎప్పుడొస్తాడో అడిగే ధైర్యం ఆఫీసులో ఎవరికీ లేదు.

శరత్ కెమెరా కంటికి ఆనించాడు. తూనీగ కళ్లు మసకగా వచ్చాయి. మళ్లీ తీశాడు. మళ్లీ మసకే.

"బాగా తియ్యి నాన్నా. అమ్మకి చూపించాలి."

ఫోన్ మోగింది. తుని నుంచి అత్తగారు నాగమల్లేశ్వరి.

"బాబూ, మా పిల్లని ఎప్పుడు తీసుకొస్తారు? ఒక్కసారి కళ్లారా చూసుకోనివ్వండి బాబూ. ఇక్కడ ఎవరూ ముద్ద ముట్టట్లేదు."

"తెస్తానత్తయ్యా. పేపర్లు ఇంకా..."

"ఏం పేపర్లు బాబూ! ఆ సంతకం పెట్టేవాడికి ఆడపిల్లలు లేరా?"

ఆ ప్రశ్నకు జవాబు ఏ ఆఫీసులోనూ దొరకదు. శరత్ ఫోన్ పెట్టేశాడు. ఎండ తగిలిన తూనీగ కాళ్లు ఆడించి, రెక్కలు విదిలించి ఎగిరిపోయింది. హాసిని చప్పట్లు కొట్టింది. శరత్‌కు ఏడుపొచ్చింది.

మళ్లీ ఫోన్. ఈసారి కంపెనీలో కాగితాల పని చూసే ఖాజావలి. కడప మనిషి.

"సార్, కఫీల్ వచ్చినాడు. సంతకం పెట్టినాడు. ఇంగ ఆసుపత్రోళ్లు మిమ్మల్ని రమ్మంటాండారు. మేడంని మీరే చూసి సంతకం పెట్టల్లంట. తొందరగా రండి సార్."

ఆసుపత్రికి వెళ్లినప్పుడల్లా పాపను పక్కింటి ఖుర్షీదా దగ్గర వదిలేవాడు. ఇవాళ వాళ్ల తలుపుకు తాళం వేసి ఉంది.

"నేనూ వస్తా. అమ్మని చూసి ఎన్నాళ్లయిందో!" హాసిని అప్పటికే చెప్పులేసుకుంది. శరత్ ఆమె చెయ్యి పట్టుకుని బయటికి నడిచాడు. అమ్మ నిద్రపోతోందని రోజూ చెబుతున్నది తనే.

ఆసుపత్రిలో వాళ్లెక్కిన లిఫ్టు కిందికి దిగింది. అక్కడ నిలబడి ఉన్న ఖాజావలి పాప చెయ్యి పట్టుకోబోయాడు. "నువ్వు నాకాడ ఉండు పాపా."

హాసిని విదిలించుకుని తండ్రి చొక్కా అంచు పట్టుకుంది. శరత్ ఆపలేకపోయాడు.

లోపల గది చల్లగా ఉంది. శరత్ చూశాడు, తలూపాడు, చూపించిన చోట సంతకం పెట్టాడు. అక్కడి ఉద్యోగి అరబీలో ఏదో అన్నాడు. ఖాజావలి తల దించుకుని చెప్పాడు.

"ఇంగొక కాయితం రావల్లంట సార్. అంతవరకూ ఈడనే ఉంచుతారంట."

అంతసేపూ అమ్మ బుగ్గ మీద చెయ్యేసి నిలబడ్డ హాసిని తలెత్తి, "నాన్నా, అమ్మ చలికి బిగుసుకుపోయింది, ఈ సొరుగులోంచి తీసి ఎండలో పెడదాం పద, లేస్తుంది," అంది.