ఐదో రోజు శిల్పం

కాపలాదారు చీపురు పట్టుకుని చర్చి వెనక్కి వచ్చాడు.

గోడ పొడవునా పావురాల రెట్ట. నిన్నటిది ఎండి, ఇవాళ్టిది తడిగా, ముక్కు పగిలే కంపు.

ఆ మురికి మధ్యలో నిలబడి ముసలాయన ఎడమ చేత్తో గింజలు చల్లుతున్నాడు. చిటికెన వేలు సగానికి తెగి, మొండి ముడుచుకుపోయిన చెయ్యి. దానికీ రెట్ట అంటుకుని ఉంది.

"ఛీ, మళ్లీ తయారయ్యావా?"

"రోజూ వచ్చేవాణ్ణే కదా బాబూ."

"నువ్వు చల్లి పోతావు. కడగలేక చచ్చేది నేను."

"ఇక్కడ మేత దొరికితే ఇక్కడే పడుంటాయి. ముందువైపుకి పోవు."

కాపలాదారుకి ఒళ్లు మండింది. ముందు గోడ మీద యాభై ఏళ్ల నాటి రాతి శిల్పాలు, దేవుడు సృష్టి చేసిన ఆరు రోజులూ. అవి అద్దంలా ఉన్నాయని ఊరంతా మెచ్చుకునేది తననే.

"ముందువైపు శుభ్రం నా చీపురు చలవ. నీ గింజలది కాదు."

గింజల సంచి లాక్కుని మురిక్కాలువలో కుమ్మరించాడు.

ముసలాయన ఖాళీ సంచి తీసుకుని మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"మెత్తని రాయి బాబూ. రెట్ట పడితే తినేస్తుంది."

మళ్లీ రాలేదు. పీడ విరగడైందనుకున్నాడు కాపలాదారు.

వారం తిరక్కుండానే పావురాలన్నీ ముందుకొచ్చాయి. ఆదాము కళ్ల నిండా రెట్ట, హవ్వ జుట్టు నిండా రెట్ట.

"ఎల్లుండి బిషప్ గారొస్తుంటే ఇదేం రోత?" ఫాదర్ ముక్కు మూసుకున్నారు.

కాపలాదారు గేటు దగ్గర కొవ్వొత్తులమ్మే ఆవిడ దగ్గరికి పరిగెత్తాడు. "ఆ గింజల తాత ఎక్కడుంటాడమ్మా?"

"ఎక్కడుంటాడు, మొన్నే పోయాడు. నా అన్నవాళ్లు లేరు. ఆస్పత్రివాళ్లే పూడ్చారు."

కాపలాదారు వెనక్కి తిరిగాడు. బకెట్, గుడ్డ తీసుకుని నిచ్చెనెక్కాడు. ఈసారి రోత పుట్టింది పావురాల మీద కాదు, తన మీద తనకే.

ఐదో రోజు శిల్పం. దేవుడి ఎడమ చెయ్యి పక్షుల్ని గాల్లోకి వదులుతోంది. దాని చిటికెన వేలు విరిగింది, అతికించాలి అని ఫాదర్ ఎన్నాళ్లుగానో అంటున్నారు.

రెట్ట గీకి, తడిగుడ్డతో తుడిచాడు. వేలితో తడిమి చూశాడు.

విరిగిన రాయైతే గరుకుగా తగలాలి. ఇది నున్నగా ఉంది. కొసన చర్మం ముడుచుకుపోయినట్టు సన్నని గీతలు కూడా ఉన్నాయి.

దేవుడికి చెయ్యి చెక్కినవాడు, తన ఎడమ చేతినే చూసి చెక్కాడు.