నిండు పెట్టె

“దారి మధ్యలో బండి ఆగిపోతే? అందరూ ముందుకెళ్లిపోయి నువ్వొక్కడివే వెనక మిగిలిపోతే?”

బండి ఇంకా కదలనే లేదు. కొడుకు కొండెక్కేది రేపు పొద్దున. అయినా తల్లి నోట మొదట వచ్చిన మాట అదే. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆమె కీడెంచడం దగ్గరే ఆగిపోతుంది. మేలు దాకా వెళ్లే తీరిక ఆమెకు ఎన్నడూ దొరకలేదు.

కొండ మీద కరెంటు టవర్లు నిలబెట్టే మనుషులు గుడారాల్లో ఉంటారు. వారానికోసారి ఆరు జీపులు వరసగా వెళ్లి వాళ్లకు తిండి సామాను, మందులు, డీజిలు దించి వస్తాయి. రోడ్డంటూ లేదు. ఒక పక్క బండ, ఇంకో పక్క లోయ, మధ్యలో జీపు పట్టేంత మట్టి బాట. కొడుకు ఈ పనిలో చేరి నెల కూడా కాలేదు. మూడుసార్లు వెళ్లొచ్చాడు, మూడుసార్లూ వరసలో నడిమి బండే. పోయినసారి ఏదో బెల్టు తెగి గంట ఆలస్యమైంది. ఆ గంటలో ఆమె వాణ్ని నాలుగు రకాలుగా పోగొట్టుకుంది.

అందుకే ఈ పనిముట్ల పెట్టె.

ఆమె చదివింది ఆరో తరగతి. కానీ బండ్ల షెడ్డులో సీటు కవర్లు కుడుతూ పద్దెనిమిదేళ్లు గడిపింది. కింద పడ్డ చప్పుడు విని అది ఏ నంబరు స్పానరో చెప్పగలదు. మెకానిక్కులను ఒక్కొక్కరినీ అడిగి, పాత క్యాలెండరు కాగితం వెనక జాబితా రాసుకుంది. మిగిలిన కాన్వాసు గుడ్డతో, ఒక్కో స్పానరుకు ఒక్కో జేబు వచ్చేలా సంచి కుట్టింది.

మధ్యాహ్నం నేల మీద గోనెపట్టా పరిచి సర్దడం మొదలుపెట్టింది. జాకీ. బురదలో జాకీ దిగబడకుండా కింద పెట్టడానికి చెక్క పలక. రెండు ఫ్యాన్ బెల్టులు. రేడియేటరు గొట్టం, దానికి క్లిప్పులు. పంక్చరు సామాను, గాలి పంపు, ఫ్యూజులు, ఇనుప తీగ. ఇరుక్కున్న బండిని లాగే పట్టీ.

కొడుకు గుమ్మానికి ఆనుకుని చూస్తున్నాడు.

“ఇంకో ఇంజను కూడా పెట్టకపోయావా అమ్మా?”

“దొరికితే పెట్టేదాన్నే.”

వాడు నవ్వాడు. కాసేపటికి నవ్వు ఆగిపోయింది.

“ఇంత వద్దమ్మా. సగం చాలు.”

“బరువా?”

“బరువని కాదు.”

“మరి?”

వాడు వంగి లాగే పట్టీని బయటికి తీయబోయాడు. తోటి డ్రైవర్ల ముందు నామోషీ కాబోలు అనుకుంది. నామోషీ పడితే బండి కదలదని నాలుగు చీవాట్లు పెట్టి మూత వేసింది.

తెల్లారి ఇల్లు ఊడుస్తుంటే మంచం కింద చీపురుకు ఏదో తగిలింది. ఒక బెల్టు, గాలి పంపు, లాగుడు పట్టీ. వాడే తీసి దాచాడు. వాడు స్నానానికి వెళ్లగానే మూడూ పెట్టె అడుగున పెట్టి, పైన గుడ్డ కప్పింది.

బండ్లు బయల్దేరే చోటికి తనూ వెళ్లింది. ఆరు బండ్లూ పెద్ద డ్రైవరు మాట మీదే నడుస్తాయి. ఆయన ఒక్కో జీపులో పెట్టె తెరిపించి చూస్తున్నాడు. మిగతావాళ్ల పెట్టెల్లో ఒక జాకీ, రెండు స్పానర్లు, మిగతా భారమంతా దేవుడి మీద. కొడుకు పెట్టె దగ్గర ఆయన గుడ్డ పైకెత్తి అడుగుదాకా చూశాడు. పక్కనున్న డ్రైవరొకడు “ఇది పెట్టె కాదు, నడిచే షెడ్డు” అన్నాడు. అందరూ నవ్వారు. కొడుకు మాత్రం తల్లి వైపు ఒకసారి చూశాడు. పెద్ద డ్రైవరు వాడి భుజం తట్టి, చెవిలో ఏదో చెప్పాడు. వాడు తల ఊపాడు.

మెచ్చుకుంటున్నాడనుకుని తల్లి కడుపు నిండిపోయింది. పనికి వేళ మించిపోతుందని, బండ్లు వరస కట్టకముందే షెడ్డుకు వెళ్లిపోయింది. వాడు పనిలో చేరాక ఆ పూటే ఆమె నాలుగు ముద్దలు తృప్తిగా తిన్నది.

రెండు రోజులు వాన ఆగలేదు.

మూడో రోజు మధ్యాహ్నం జీపులు తిరిగొచ్చాయి. ఆమె లెక్కపెట్టింది. ఐదు. ఒక టార్పాలిన్ కింద ఇంకోటి దాక్కుని ఉంటుందన్నట్టు మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టింది.

పెద్ద డ్రైవరు టోపీ తీసి ఆమె దగ్గరికి వచ్చాడు. దిగేటప్పుడు ఇరుకు మలుపు దగ్గర బాట నానిపోయి ఉందన్నాడు. రెండో బండి బరువుకు బాట అంచు పగిలిందట. నాలుగో దానికి మూరెడు మట్టి జారిందట. ఐదో బండి ఎలాగో దాటిందట. ఆరోది దాటలేదు. కొడుకును టవర్ల మనుషులు లోయలోంచి పైకి తెస్తున్నారు. ప్రాణం లేదు.

ఆమె ఏడవలేదు. తీగ మీద బట్టలా నిలబడింది.

“అన్నా, వాడు కొత్తవాడు. ఎప్పుడూ నడిమధ్యలో ఉండేవాడు. బాట విరుగుతుంటే మీరంతా దాటేసి, వాణ్ని చివర్న ఎందుకు పెట్టారు?”

ఎవరో ఇంజను ఆపారు. టార్పాలిన్ల మీంచి నీళ్లు కారుతున్నాయి. ఆమె మళ్లీ అడిగింది. పెద్ద డ్రైవరు టోపీని చేతుల్లో తిప్పుతూ చెప్పాడు.

“ముందెవరి బండి చెడినా వెనకనుంచి వచ్చి బాగుచేయాలి గదా చెల్లెమ్మా, అందుకే పొద్దున పెట్టెలన్నీ తెరిచి చూసి, ఎవరి పెట్టె నిండుగా ఉంటే వాళ్లనే అందరికన్నా చివర రమ్మంటాం.”