గంటసేపు ఇంటావిడ

"గోడమీది మీ నాన్న ఫోటో ఎందుకు తీసేస్తున్నావే?"

బాల్టిమోర్‌లోని ఆ పాత ఇంట్లో గోడలన్నీ బోసిపోయాయి. కూతురు రొవేనా వాలకం పొద్దుట్నుంచీ ఓజెల్లాకి అనుమానంగానే ఉంది.

"ఇల్లమ్మేసి నన్ను ముసలాళ్ల ఆశ్రమంలో పడేస్తావా?"

"అబ్బా, లేదమ్మా! లోను కోసం ఇంటికి విలువ కట్టేవాడు వస్తున్నాడు. పోయినసారి వచ్చినవాడు మన నల్లమొహాలు చూసి, పక్కింటి తెల్లవాళ్లకి కట్టినదాంట్లో సగమే కట్టాడు. రెండూ ఒకే అచ్చు ఇళ్లు!"

ఇంతలో రొవేనా ఆఫీసు స్నేహితురాలు హైడీ, తన తెల్లటి పిల్లల ఫోటోలు సంచిలో వేసుకొచ్చింది.

"ఈ గంటసేపూ ఇంటావిడ ఈమే. మనం కారులో కూర్చుందాం." రొవేనా తల దించుకుంది.

ఓజెల్లా హైడీని ఎగాదిగా చూసింది. "గంటయ్యాక లేచి వెళ్తుందా?"

"అమ్మా!"

"ఏమోనే. ఈ వీధిలో మనవాళ్లకి ఎవరూ ఇల్లు అమ్మని రోజుల్లో, మీ నాన్న ఒక తెల్లాయన్ని బతిమాలి ఆయన పేరుమీద దీన్ని కొన్నాడు. ఆయన లోపల గదులు చూస్తుంటే, మేం బయట కారులోనే కూర్చున్నాం."

రొవేనా చేతిలోని ఫోటో అలాగే ఉండిపోయింది.

ఓజెల్లా చేతికర్ర అందుకుని గుమ్మం దాటింది. "పదవే. ఆరోజు కూడా నువ్వు నాతోనే ఉన్నావు, కడుపులో."