రొట్టె కొస

రొట్టె కొస మళ్లీ లేదు.

మదామ్ లూసెట్ గుమ్మంలో నిలబడి ఉంది. ఒక చేత్తో, బడినుంచి తెచ్చిన మేఖల చెయ్యి పట్టుకుంది. ఇంకో చేతిలో కాగితం చుట్టిన పొడుగాటి రొట్టె. దాని కొస ఎవరో కొరికినట్టు తెగిపోయి ఉంది. ఇందుమతి నవ్వుతూనే అందుకుని "మెర్సీ" అంది. తలుపు వేశాక నవ్వు కాస్తా ముడుచుకుపోయింది.

"ఎంగిలి రొట్టె తెచ్చిస్తోందండీ. రోజూ ఇదే వరస," అంది రాత్రి భోజనాల దగ్గర.

భార్గవ నవ్వాడు. "ఈ ఫ్రాన్సులో రొట్టె కొస ఇంటిదాకా చేరదు ఇందూ. వేడివేడిగా చేతిలో ఉంటే ఎవరాగుతారు? నేను తెచ్చినా అంతే. కాకపోతే తర్వాత చాకుతో చక్కగా కోసి నీ చేతిలో పెడతాను."

"ఛీ! మీరూనా? ఇన్నాళ్లూ నాకు ఎంగిలి రొట్టె పెట్టారా?"

"పెళ్లయి పదకొండేళ్లయింది. ఇప్పుడు గుర్తొచ్చిందా?"

మేఖల పళ్లెంలో అన్నం అలాగే ఉంది. ఆకలి లేదంది.

ఎంగిలి విషయంలో ఇందుమతి మాటకు ఆ ఇంట్లో తిరుగు లేదు. స్నేహితురాలి సీసాలో నీళ్లు తాగొచ్చిందని ఆ మధ్య మేఖల వీపు విమానం మోగింది. కానీ మదామ్ లూసెట్‌ను ఏమనగలదు? డిసెంబరులో మంచుమీద జారి ఇందుమతి చీలమండ విరగ్గొట్టుకుంది. లిఫ్టు లేని మూడో అంతస్తు. భార్గవ ఫ్యాక్టరీనుంచి వచ్చేసరికి ఏడు దాటుతుంది. కింది వాటాలో ఉండే డెబ్భై ఏళ్ల మదామ్ లూసెటే, ఎవరూ అడక్కుండా, నాలుగున్నరకు బడికి వెళ్లి పిల్లను తెస్తోంది. దారిలో ఆగి వీళ్లకు రొట్టె కొంటోంది. పైకొచ్చి కాసేపు కూర్చుని, ఒకరి భాష ఒకరికి రాకపోయినా, ఇందుమతికి ఊలు అల్లిక నేర్పుతోంది. బిస్కెట్లు పెడితే ముట్టదు. బియ్యప్పిండి జంతికలు మాత్రం డబ్బా ఖాళీ చేస్తుంది. అది ఇందుమతికి మహా గొప్పగా ఉండేది. బెల్ఫోర్‌లో తనకంటూ ఉన్న మనిషి ఆవిడొక్కతే.

అందుకని పైకి అనలేదు. రొట్టెను ముక్కలు చేసి, వెనక కిటికీలోంచి పావురాలకు వేసేది.

ఒక గురువారం అలా వేస్తుంటే, కింద చెత్తబుట్ట పట్టుకున్న మదామ్ లూసెట్ తలెత్తి చూసింది. ఇందుమతి కట్టుకాలితోనే గభాలున కిందికి వంగింది. అప్పటికే కళ్లూ కళ్లూ కలిశాయి. సిగ్గుతో చచ్చినంత పనైంది. అన్నం పెట్టినావిడకు సున్నం పెట్టినట్టయింది.

మర్నాడు ఆవిడ రాగానే, ఉండబట్టలేక మేఖలను పక్కన నిలబెట్టుకుంది.

"చెప్పవే. మా ఇళ్లలో ఒకరు కొరికింది ఇంకొకరు తినరు, అందుకే పారేశాను, తప్పుగా అనుకోవద్దను. ఇకనుంచి కొరక్కుండా తెమ్మను. కాస్త మర్యాదగా చెప్పు."

మేఖల తల దించుకుని చెప్పింది. మధ్యలో ఆగి కాలి బొటనవేలితో నేల గీకింది. మదామ్ లూసెట్ పిల్లవంక చూసింది. తల్లివంక చూసింది. ఆ ముసలి ముఖం చెవులదాకా ఎర్రబడింది.

"పర్దోఁ, మదామ్. పర్దోఁ," అంది రెండుసార్లు. ఆ మాటకు తర్జుమా అక్కర్లేకపోయింది.

సోమవారంనుంచి రొట్టె నిండుగా వచ్చింది. మదామ్ మాత్రం లోపలికి రాలేదు. పనుందంటూ గుమ్మంలోంచే వెళ్లిపోయేది. డబ్బాలో జంతికలు మెత్తబడ్డాయి. మేఖల బడినుంచి వస్తూనే అన్నం పెట్టమని వెంటపడేది. చలికి ఆకలి పెరిగిందేమో అనుకుంది ఇందుమతి.

నిండు రొట్టె ఆమెకు గొంతు దిగేది కాదు. చిన్నప్పుడు సామర్లకోటలో తనూ పక్కింటి సుభాషిణీ ఒకే జామకాయ మీద గౌను అంచు కప్పి, కొరుక్కుని, కాకెంగిలి అని పంచుకోలేదూ? అప్పుడు లేని పట్టింపు ఈ ముసలావిడ దగ్గర ఎందుకొచ్చింది? కాలు విరిగి పడుంటే ఆదుకున్న మనిషిని, పిల్లచేత మాటలనిపించి పంపింది. ఆ ఎర్రబడ్డ ముఖం గుర్తొస్తే ఇందుమతికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు.

కట్టు విప్పిన తర్వాత మొదటి ఆదివారం, తనే మెట్లు దిగి వెళ్లి రొట్టె కొంది. మేఖలను వెంటబెట్టుకుని మదామ్ లూసెట్ తలుపు తట్టింది. ఆవిడ ఆదరంగానే కూర్చోబెట్టింది.

ఇందుమతి చున్నీ అంచు కప్పి రొట్టె కొస కొరికింది. దాన్ని రెండు చేసి, ఒక ముక్క తన నోట్లో వేసుకుని, రెండోది ఆవిడ ముందుకు చాచింది.

"చెప్పవే. ఇది కాకెంగిలి. సొంతవాళ్లతోనే ఇలా తింటాం. ఆవిడ ఈ ముక్క తింటేనే నన్ను క్షమించినట్టు."

మేఖల తల్లి చున్నీ పట్టుకుని వెనక్కి లాగింది.

"చెప్పవే మొద్దూ!"

చివరికి ఏదో గొణిగింది.

మదామ్ లూసెట్ ముక్క అందుకుంది. కాసేపు దానివంకే చూసింది. తర్వాత మేఖలవంక చూసి, ఫర్వాలేదన్నట్టు నవ్వి, ముక్కను నోటి దగ్గరకు తీసుకెళ్లింది.

మేఖల ఒక్క ఉదుటున ఆవిడ చెయ్యి గట్టిగా పట్టేసుకుని, వెక్కుతూ తల్లివైపు తిరిగింది.

"వద్దమ్మా, ఆవిడకి గోధుమ పడదు, ఆవిడసలు ఎప్పుడూ రొట్టె ముట్టనే ముట్టదు!"