ఆగే చోటు

“నా కొడుకు నౌకరి తిన్నవ్. గీ సీడీ గూడ తింటవా?” పోచవ్వ కోడలి మీదికి లేచింది.

బొగ్గుబాయి ప్రమాదంలో పోయిన కొడుకు నౌకరి ఇప్పుడు కోడలు ఉమారాణి చేస్తోంది. డ్యూటీ దిగి వచ్చేసరికి రోజూ ఇదే గోల. గీతలు పడ్డ కొడుకు పెండ్లి సీడీ టీవీలో ఒక్కచోటే ఇరుక్కుని, డప్పు చప్పుడు తెగి తెగి మోగుతుంటుంది.

“బంద్ చెయ్యవు, ముట్టనియ్యవు. తలకాయ పగుల్తుంది అత్తా!” ఉమారాణి సీడీ గుంజుకుంది.

టూత్‌పేస్టు రాసి, మెత్తటి గుడ్డతో నడుమ నుంచి అంచుకు కసిగా రుద్దింది. కడిగి, తుడిచి మళ్ళీ ప్లేయర్‌లో పెట్టింది.

ఈసారి బొమ్మ ఆగలేదు. బరాత్‌లో ఎగురుతున్న పెండ్లికొడుకు ఇటు తిరిగి నవ్వాడు, ముందుకు సాగాడు, గుంపులో కలిసిపోయాడు. వెంటనే భోజనాల బంతి వచ్చింది.

“సూడు, ఎంత మంచిగ నడుస్తుందో!”

పోచవ్వ చీరకున్న పిన్నీసు పీకి కోడలి చేతిలో కుక్కింది.

“గా నవ్వుకాడ రోజూ నాకోసం ఆగుతుండె నా కొడుకు. నువ్వు ఎల్లగొట్టినవ్. గీత గియ్యి మల్ల! ఆడనే గియ్యి!”

ఉమారాణి సీడీ తీసి వెలుతురుకు పట్టి తిప్పింది. ఆ గీత ఎక్కడుండేదో దొరకలేదు.