చివరి గుడారం

"వాళ్లు ముందు పీకాలని మనవాళ్లు, మనవాళ్లు ముందు పీకాలని వాళ్లు! మిగతావన్నీ తేలాయి సార్, చివరికి ఈ రెండు గుడారాల దగ్గర ఆగింది. ఏం చెప్పమంటారు?"

ఢిల్లీ అధికారి గొంతులో ఆదుర్దా వినపడుతూనే ఉంది. "కాసేపాగి చేయండి, ఆలోచిస్తాను" అని దావీదురాజు ఫోను పెట్టేశాడు. తగవులు తీర్చడంలో ఆయనకు పేరుంది గానీ పదవి లేదు, జీతమూ లేదు. అయినా సరిహద్దులో రెండు సైన్యాలు బిగుసుకున్నప్పుడల్లా ఫోను మాత్రం కమలాపురంలోని ఈ ఇంట్లోనే మోగుతుంది.

వంటమనిషి విశ్వాసమ్మ గుమ్మంలోంచి తొంగిచూసింది. ఆమె కొడుకు యేసుప్రసాద్ ఆ గుడారాల దగ్గరే కాపలా కాస్తున్నాడు.

"ఏమంటాండారు సార్? మావానికి సెలవు ఇస్తారంటనా?"

"గుడారాలు లేస్తే ఇస్తారులేమ్మా."

"రెండు గుడ్డముక్కలు పీకేదానికి ఇంత రాద్ధాంతమా! బిడ్డ పుట్టి మూడు నెల్లాయె. వాడింకా మొగం చూడల్యా. వాడొస్తేనే గదా సార్ బాప్తిస్మం!"

నిజానికి ఫోను పెట్టేసిన కాసేపటికే దావీదురాజుకు జవాబు తట్టింది. పోయిన క్రిస్మస్‌కు చర్చిలో కొత్త గంట తాడు ముందు ఎవరు లాగాలని రెండు కుటుంబాలు కలబడబోతే, ఇద్దరు పెద్దల చేతా ఒకేసారి లాగించి గొడవ చల్లార్చింది ఆయనే. ఈ గుడారాలకూ అదే మందు. ఇద్దరూ ఒకేసారి పీకితే ఎవరి పరువూ పోదు.

ఆ గంట కొనిచ్చిందీ ఆయనే. ఊళ్లో పిల్లల హాస్టలు, మంచినీళ్ల ప్లాంటు అన్నీ ఆయన చలవే. అందుకే ఎదురైతే ఎంతటివాళ్లయినా చేతులు జోడిస్తారు. అంత పెద్దాయన ముందు కూర్చుని కబుర్లాడటం మర్యాద కాదనుకుని, గేటు దగ్గరే పని చెప్పుకుని వెళ్లిపోతారు. హాల్లో అన్ని కుర్చీలున్నా విశ్వాసమ్మ ఒక్కటే తుడుస్తుంది. మిగతావాటిలో కూర్చునేవాళ్లు లేరు. "భోంచేశారా సార్" అని అడిగేది కూడా ఆమె కాక ఆ ఢిల్లీ అధికారి ఒక్కడే.

విశ్వాసమ్మ కంచంలో సంగటి పెట్టింది.

"వాడొచ్చినాక నేను మైదుకూరికి పోతా సార్. మా కోడలు నిస్సీ బిడ్డతో ఒక్కతే అగసాట్లు పడతాంది. వంటకు ఇంకెవర్నన్నా చూసుకోండి."

ఆయన చేతిలోని ముద్దను మళ్లీ కంచంలో పెట్టేశాడు. "మళ్లీ రావా?"

"బిడ్డను ఇడిచిపెట్టి యాడొస్తా సార్! అయినా మీకేం తక్కువ, ఊరంతా మీదే గదా."

ఫోను మోగింది.

"భోంచేశారా సార్? ఈ ఒక్కటీ తేల్చిపెట్టండి చాలు. ఇక మిమ్మల్ని విసిగించం, హాయిగా విశ్రాంతి తీసుకోండి."

విశ్వాసమ్మ అక్కడే మోకరించి కొంగు తలమీద కప్పుకుంది. "ప్రభువా, మా సార్‌కు మంచి ఆలోచన ఇయ్యి తండ్రీ" అంటూ కళ్లు మూసుకుంది.

దావీదురాజు ఆమెను చూశాడు. దుమ్ముపట్టిన కుర్చీలను చూశాడు. ఆ ఇల్లంటే ఆయనకు మొదటిసారి భయం వేసింది.

"నాకేమీ తోచడం లేదు," అన్నాడు ఫోనులో. "రేపు మళ్లీ చేయండి."