బక్కోడి మీద పందెం

“ప్చ్,” అంది అత్తగారు.

టీవీలో సైకిలు పందెం. దర్జీ ముద్దుగా బక్కోడని పిలుచుకునే ఆటగాడు మలుపు దగ్గర సైకిలుతో సహా జారి, రెండు పల్టీలు కొట్టి, రాతిగోడకి తగిలి ఆగాడు. పక్కింటి దర్జీ తల పట్టుకున్నాడు. కోడలు అతనికేసి మెచ్చుకోలుగా చూసింది. ఈ పడడం అతను ఏడాదిగా ఎన్నిసార్లు చూశాడో అతనికే లెక్క తెలియదు మరి.

అది పోయినేటి పందెం. దర్జీ ప్రాణప్రదంగా దాచుకున్న రికార్డింగు. పెన్‌డ్రైవ్‌లో తెచ్చి టీవీ వెనక గుచ్చాడు. ఇవాళ్టి పందెమని నమ్మించాలి కాబట్టి, తెర మూల తేదీ కనబడుతోందని కోడలు దానికి అడ్డంగా పూలకూజా పెట్టింది. ఇంట్లో చెంచా చోటు మారినా ఆరా తీసే అత్తగారు ఆ కూజా సంగతి అడగనేలేదు. పందెం మీదే ధ్యాస కాబోలు అనుకుంది కోడలు.

ఇంత నాటకం దేనికంటే, అత్తగారు లేవనంది. స్నానాలగదిలో పడి తుంటి విరిగి ఆరు వారాలు. ఆపరేషన్ బాగానే జరిగింది. ఈ నెలలోగా నడవకపోతే కాలు బిగుసుకుపోతుందనీ, ఆపైన మంచమే గతనీ డాక్టరు చెప్పాడు. నడిపించబోయిన మొదటిరోజు ప్రాణం పోయినంత నొప్పి. ఆ కోపంలో డాక్టరు ముందూ, కొడుకు ముందూ, వ్యాయామం చేయించే అమ్మాయి ముందూ, ఇక ఎవరు చెప్పినా లేచేది లేదని తేల్చేసింది. అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆవిడకి రెండో ఆపరేషన్‌తో సమానం. ముప్ఫై ఏళ్ళు సైకిలు మీద ఊరంతా ఉత్తరాలు పంచిన మనిషి. ఎండకీ వానకీ వీధికుక్కలకీ వంచని తల వాకర్‌కి వంచుతుందా?

మంచమెక్కాక దర్జీ పుణ్యమా అని ఆవిడకి సైకిలు పందాల పిచ్చి పట్టింది. భుజం విరిగినా ఒంటిచేత్తో తొక్కి గెలిచిన బక్కోణ్ణి చూపిస్తే మనసు మారుతుందేమోనని కోడలి ఆశ. పోయినేడు ఈ రోజుల్లో ఆవిడ కూతురింట్లో ఉంది. అక్కడ టీవీ అల్లుడిది, రిమోటూ అల్లుడిదే. ఏం చూసుంటుందిలే అని కోడలి లెక్క.

తెర మీద బక్కోడు లేచాడు. ఎడమ చెయ్యి వేలాడుతోంది. పందెం వెంట వచ్చే డాక్టరు కారు పక్కకొచ్చి ఆగిపొమ్మంటే, దాని తలుపు మీద కుడిచేత్తో ఒక్క చరుపు చరిచి ముందుకి పోయాడు.

“వీడి పని అయిపోయింది,” అంది అత్తగారు.

“అంతమాట అనకండి పిన్నిగారూ. వీడు చివర్లో...”

కోడలు టీ కప్పు అతని చేతిలో కాస్త గట్టిగానే పెట్టింది. ఒలికింది. చివర్లో ఏమిటో చెప్పకుండా అతను చెయ్యి తుడుచుకున్నాడు.

“చివర్లో ఏముంది నాయనా, అంబులెన్సేగా,” అంది అత్తగారు. కోడలి వైపు తిరిగింది. “పందెం కాస్తావుటే? వీడు గెలిస్తే నేను లేచి గుమ్మం దాకా నడుస్తాను. ఓడితే ఈ ఇంట్లో ఎవరూ నా కాలి ఊసెత్తకూడదు. నీ మొగుడితో సహా.”

వెతకబోయిన తీగ కాలికి తగిలింది, అదీ ఆపరేషన్ అయిన కాలికి. వెంటనే ఒప్పుకుంటే అనుమానమొస్తుందని కోడలు కాసేపు నసిగింది.

“భుజం విరిగినవాడి మీద ఎవరు కాస్తారత్తయ్యా?”

“నువ్వు కాయి. రోజూ నడవమని నా ప్రాణం తీసేది నువ్వేగా.”

గొంతులో చేదుమందు పడ్డట్టు మొహం పెట్టి సరేనంది కోడలు.

ఆఖరి కొండ ఎక్కుతుండగా అత్తగారు చెప్పులు అడిగింది. కాళ్ళు చల్లబడ్డాయట. మంచం కిందవి లాగి, ఆరు వారాల దుమ్ము దులిపి తొడిగింది కోడలు. ఇప్పుడు కోడలి బెంగ చెప్పుల గురించి కాదు, వీధి గురించి. బక్కోడు నిజంగా ఇవాళే గెలిస్తే వీధి దద్దరిల్లాలి. దానికీ దర్జీ ఏర్పాటు చేశాడు. కిటికీ కర్టెన్ కదిలితే అతని కొట్లో పనివాళ్ళిద్దరూ ఈలలు వెయ్యాలి.

బక్కోడు గీత దాటాడు. లేచే చెయ్యి ఒక్కటే పైకెత్తాడు. కోడలు కర్టెన్ లాగింది. కింద ఈలలు మొదలయ్యాయి. దారిన పోయే వ్యానువాడెవడో ఎందుకో తెలియకుండానే హారన్ కొట్టాడు, ఎదురు మేడ మీద ఎవరో చప్పట్లు అందుకున్నారు. ఎవరు గెలిచారో తెలియకుండానే వీధి వీధంతా గెలిచింది. దర్జీ భోరుమన్నాడు. అది మాత్రం నాటకంలో లేదు.

“మాటంటే మాటే,” అంది అత్తగారు. “ఆ వాకర్ ఇలా లాగు.”

లేచింది. మొహం తెల్లబడింది. మూలుగు పళ్ళ మధ్యే నలిగిపోయింది. దర్జీ పట్టుకోబోయాడు.

“ముట్టుకోకు. వాణ్ణెవరైనా తోశారా?”

పదకొండు అడుగులు. కోడలు లెక్కపెట్టింది. గుమ్మం పట్టుకుని అత్తగారు చెమట తుడుచుకుంది.

“డాక్టరు చెప్పాడని నడిచాననుకునేరు. నేను పందెం ఓడి నడిచాను. మీ ఆయనకీ అలాగే చెప్పు.”

“అలాగే చెప్తానత్తయ్యా.” కోడలికి నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. నాటకం రక్తికట్టిన సంబరంలో ఊరుకోలేక, ఇంకో మాట కూడా అనేసింది. “నాకైతే చివరిదాకా నమ్మకం లేదు. ఒకవేళ ఓడిపోయుంటేనో?”

అత్తగారు వాకర్ మీద రెండు చేతులూ ఆనించి, తీరిగ్గా కోడలికేసి చూసింది.

“పోయినేడు అల్లుడితో చూసినప్పుడు కూడా వాడే గెలిచాడే.”